ఎనిమిదో తరగతి, ఒక చింతగింజల సీసా

దేవరకొండ డివిజన్‌లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను స్కూల్ అసిస్టెంట్‌గా గణితం చెబుతాను. కిందటి విద్యా సంవత్సరం ఎనిమిదో తరగతికి నన్ను క్లాస్ టీచరుగా వేశారు. మొత్తం 46 మంది పిల్లలు. సగం మంది ఊరివాళ్లు, మిగిలినవాళ్లు చుట్టుపక్కల తండాల నుంచి నడిచో, ఆటోల్లో ఇరుక్కునో వచ్చేవాళ్లు. స్టాఫ్ రూములో ఆ తరగతికి అప్పటికే ఒక పేరు పడిపోయింది. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడు వాళ్లతో పడితే ఎవరైనా సరే ఒక నిట్టూర్పు విడిచి, రిజిస్టరు చంకలో పెట్టుకొని బయలుదేరేవారు. బెల్లు కొట్టి పది నిమిషాలైనా ప్లేట్లు నల్లా దగ్గర మోగుతూనే ఉండేవి. లోపలికి వచ్చినవాళ్లు కూర్చునే చోటు కోసం తోసుకునేవాళ్లు, పెన్ను పోయిందని ఒకరు, బ్యాగు తన్నాడని ఇంకొకరు ఫిర్యాదుకు లేచేవాళ్లు.

బెత్తం సంగతి మొదటే చెప్పాలి. 2009 విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలపై శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది; ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అయినా తల్లిదండ్రులే బడికి వచ్చి, "చెప్పినట్టు ఇనకుంటే రెండు ఏయుండ్రి మేడం, మేమేమనం" అని అనుమతి ఇచ్చి పోతుంటారు. నేను చెయ్యి ఎత్తను. ఆ ఒక్క కారణంతో నన్ను నేను మంచి టీచరునని చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ చట్టంలోని రెండో మాట, మానసిక వేధింపు అన్న మాట, నా నోటికి వర్తిస్తుందేమో అన్న అనుమానం నాకు ఆ జూన్‌లోనే మొదటిసారి కలిగింది.

కలగడానికి కారణం నేను చేసిన ఒక లెక్క. హాజరు పట్టీలో ఒక చిట్టీ పెట్టుకొని, రెండు గళ్లు గీసి, ఒక పీరియడులో నేను ఎన్నిసార్లు మందలిస్తున్నానో, ఎన్నిసార్లు మెచ్చుకుంటున్నానో గణన చిహ్నాలు వేసుకున్నాను. సాంఖ్యక శాస్త్రం పాఠంలో పిల్లలకు నేర్పేవే ఆ గీతలు. పీరియడు ముగిసేసరికి మొదటి గడిలో పదిహేడు, రెండో గడిలో రెండు ఉన్నాయి. ఆ రెండూ మొదటి బెంచీలో కూర్చునే ఒకే అమ్మాయికి వెళ్లినవి. నాలుగు రోజులు వరుసగా వేసి చూసినా లెక్క పెద్దగా మారలేదు. వెనక బెంచీ పిల్లల్లో కొందరికి ఆ నాలుగు రోజుల్లో నా నోట తమ పేరు వినబడిన ప్రతిసారీ అది తిట్టుతోనే వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జూలై మొదట్లో ఒక పీరియడు పాఠం ఆపి, ఈ తరగతి ఎలా ఉండాలో మీరే చెప్పండని పిల్లలను అడిగాను. వాళ్లు చెప్పినవన్నీ 'వద్దు'తో ముగిశాయి: లొల్లి చేయొద్దు, కొట్టుకోవద్దు, బూతులు మాట్లాడొద్దు, బయట తిరగొద్దు. బోర్డు నిండిపోయింది. చేయకూడనిది తెలిసినంత మాత్రాన చేయవలసింది తెలియదు కదా అని, ఒక్కొక్క 'వద్దు' పక్కన 'మరి ఏం చేయాలి?' అని రాసి మళ్లీ అడిగాను. ఇది అనుకున్నంత తేలిక కాలేదు. 'లొల్లి చేయొద్దు'కు బదులేమిటో తేల్చడానికే పావుగంట పట్టింది. చివరికి నాలుగు మిగిలాయి. బెల్లు కొట్టిన మూడు నిమిషాల్లో ప్లేటు కడిగి వరుసలో పెట్టి లోపలికి రావాలి. ఒకరు మాట్లాడుతుంటే ముగిసేదాకా వినాలి. ఎదుటివాళ్ల వస్తువు కావాలంటే అడిగి తీసుకోవాలి. తెలిసినది పక్కవాళ్లకు చెప్పాలి, తెలియకపోతే అడగాలి. నాలుగోది రెండు పనులను ఒకదానిలో దూర్చినట్టుందని లెక్కల టీచరుగా నాకు అనిపించింది కానీ, పిల్లలు వదలలేదు.

అప్పటికి నాకు తెలిసిన బహుమతి పద్ధతి ఒక్కటే: చార్టు మీద అందరి పేర్లు, పేర్ల పక్కన నక్షత్రాలు, నెలాఖరుకు ఎక్కువ వచ్చిన అయిదుగురికి పెన్నులు. దేవరకొండ బజారులో రంగు స్టిక్కర్లు, ఒక డజను పెన్నులు, రెండు జామెట్రీ బాక్సులు నా డబ్బుతోనే కొన్నాను. వారం తిరక్కుండానే తరగతి మారిపోయింది. నల్లా దగ్గర ప్లేట్లు మోగడం ఆగింది, ఐదు నిమిషాల్లో నేను పాఠం మొదలుపెట్టగలిగాను. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి చూసి తల ఊపి వెళ్లారు. నేను గర్వపడ్డాను. ఆ గర్వం ఆగస్టు దాకా నిలిచింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నేను వరండాలో నడుస్తుండగా, మా తరగతి పిల్లలు ఇద్దరు పాత నోటుబుక్కు కాగితాలు చింపి నేల మీద చల్లుతూ కనిపించారు. నేను గుమ్మంలోకి రాగానే వాళ్లిద్దరే వంగి అవి ఏరడం మొదలుపెట్టి, "మేడం, మేం సాఫ్ జేస్తున్నం, స్టార్ ఏయుండ్రి" అన్నారు. నవ్వు ఆపుకోలేకపోయాను. కానీ ఆ రాత్రి కూర్చుని చూసుకుంటే తప్పు పిల్లలది కాదని తేలింది. పని జరిగిందా అని కాక, నా కంట పడిందా అని చూసే పద్ధతిని నేనే పెట్టాను; వాళ్లు దాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

బీఎడ్‌లో మనస్తత్వవేత్త స్కిన్నర్ పేరు, పునర్బలనం అనే మాట పరీక్ష కోసం చదివినవే. ప్రతిఫలం దొరికిన ప్రవర్తన మళ్లీ కనిపిస్తుందని ఆయన చెప్పినది నా తరగతిలో అక్షరాలా జరిగింది. అయితే ప్రతిఫలం దేనికి దొరుకుతోందో చూసుకోవలసిన బాధ్యత ఇచ్చేవాళ్లదే. దాంతో పాటు ఇంకో అధ్యయనం గుర్తుకొచ్చింది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే అసలే ఇష్టమున్న చిన్న పిల్లలను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందుగానే చెప్పారు; ఇంకో గుంపుకు చెప్పకుండా చివర ఇచ్చారు; మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత ఎవరూ ఏమీ అనని సమయంలో చూస్తే, ముందుగా ఆశ చూపిన పిల్లలే తక్కినవాళ్ల కంటే తక్కువగా గీశారు. మా పిల్లలకు నేల ఊడ్వడం మీద అలాంటి ఇష్టమేమీ లేదు కాబట్టి ఆ ఫలితం ఇక్కడ నేరుగా అతకదు. కానీ నేను వారానికోసారి ఇచ్చే లెక్కల పొడుపుకథలకు కూడా నక్షత్రాలు పెట్టాను. అంతకు ముందు భోజనం మానుకొని మరీ వాటిని చేసే పిల్లలు కొందరు, ఇప్పుడు "దీనికి ఎన్ని స్టార్లు మేడం?" అని అడిగాకే పెన్ను తీస్తున్నారు. ఆ వారమే పొడుపుకథలను నక్షత్రాల లెక్కలోంచి తీసేశాను. ఇష్టంతో చేసే పనికి ధర కట్టకూడదన్నది అప్పుడు నేను పెట్టుకున్న మొదటి నియమం.

చార్టులో రెండో లోపం ఇంకా మెల్లగా బయటపడింది. మొదట్లో ముందున్నవాళ్లే చివరిదాకా ముందున్నారు. ఒకసారి అయిదారు నక్షత్రాలు వెనకబడ్డ పిల్లవాడికి ఆ నెల ఇక పెన్ను రాదని తెలిసిపోతుంది. మిగిలిన రోజులు వాడు మంచిగా ఉండటానికి చార్టు వాడికి ఏ కారణమూ చూపదు. పైగా గోడ మీద ఖాళీ గడి ఊరందరికీ కనబడుతుంది. బడికి వచ్చిన ఒక తండ్రి ఆ చార్టు ముందు నిలబడి, కొడుకు పేరు వెతికి, పక్కన ఖాళీ చూసి, నాతో ఏమీ మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. నేను మెచ్చుకోవడానికని పెట్టిన చార్టు, ఆయనకు కొడుకు పరువు తీసే నోటీసు బోర్డులా కనిపించి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు హాజరు విషయంలో చేశాను. వారమంతా వచ్చినవాళ్లకు ఒక నక్షత్రం, నెలంతా వచ్చినవాళ్లకు జామెట్రీ బాక్సు అని ప్రకటించాను. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బాగానే నడిచింది. దసరా సెలవుల తర్వాత బడి తెరిచేసరికి చేలల్లో పత్తి పగిలింది. మా ప్రాంతంలో ఆ నెలలు ఎలా ఉంటాయో ఇక్కడ పనిచేసిన ప్రతి టీచరుకూ తెలుసు: వాన వస్తే పత్తి తడుస్తుంది, ఏరకపోతే రాలుతుంది, కూలీలు దొరకరు, దొరికినా కిలోల లెక్కన కూలి అడుగుతారు. కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ చేనులో ఉండాలి. ఆ నెలలో ఒక తండా అమ్మాయి పదకొండు రోజులు రాలేదు. అంతకు ముందు మూడు నెలలు ఒక్క రోజు కూడా మానని పిల్ల. తిరిగి వచ్చిన రోజున చార్టు దగ్గరికి వెళ్లి, తన పేరు పక్కన కొత్తగా ఏమీ లేని నాలుగు గళ్లు చూసి, వచ్చి కూర్చుంది. వేళ్ల చివర్లు పత్తికాయల మొనలు గుచ్చుకుని చీరుకుపోయి ఉన్నాయి.

ఆ వారమే వాళ్లమ్మ బడికి వచ్చింది. నేను కబురు పెట్టానని భయపడి వచ్చిందనుకుంటాను. "ఏం జేద్దుం మేడం, అప్పు తెచ్చి ఇత్తునాలు పెట్టినం. పత్తి ఇంటికొస్తెనే కట్టేది. పిల్ల రానంటనే ఉండె, బడికి వోత అని ఏడ్సింది. నేనే తోలుకపోయిన. దానిదేం తప్పు లేదు" అంది. నా దగ్గర సమాధానం లేదు. బడికి రావడం, రాకపోవడం ఆ పిల్ల చేతిలో ఉన్న పని కాదు. ఆమె చేతిలో లేనిదానికి బహుమతి పెట్టి, అది రాలేదని ఆమె తలదించుకునేలా చేశాను. ఇంటి నుంచి బడికి నడిచి వచ్చేంత దూరంలో, పొలం లేని ఉద్యోగుల ఇళ్లలో పుట్టిన పిల్లలకు నేను మూడు నెలలుగా ఇచ్చిన నక్షత్రాలు వాళ్ల ప్రవర్తనకు కాక, వాళ్ల ఇంటి పరిస్థితికి ఇచ్చినవన్నమాట. పిల్లలను పనికి పంపడం సరైనదని నేను అనడం లేదు. ఆ విషయం పెద్దవాళ్లతో మాట్లాడి తేల్చుకోవలసింది, ఆమెతో నేను మాట్లాడాను కూడా. కానీ పెద్దవాళ్లు చేసిన నిర్ణయానికి పిల్ల పేరు మీద గుర్తు వేయడం నాది తప్పు. మరునాడు చార్టు గోడ మీంచి తీసేశాను. పిల్లలు ఎందుకని అడిగితే, "నేను లెక్క తప్పు వేశాను" అని మాత్రమే చెప్పాను.

తర్వాత రెండు వారాలు ఏమీ పెట్టలేదు. తరగతి మెల్లగా పాత దారి పట్టింది, అయితే పూర్తిగా కాదు. ప్లేట్ల వరుస మాత్రం నిలిచింది. అది పిల్లలకే సుఖంగా ఉందని నాకు అనిపించింది.

నవంబరులో ఇంటి నుంచి పచ్చడి సీసా ఒకటి, ఒక సంచి చింతగింజలు తెచ్చాను. ఇప్పుడు పేర్లు లేవు, పోటీ లేదు. నాలుగు నియమాల్లో ఏదైనా ఎవరైనా పాటించడం నేను గమనించినప్పుడు ఒక గింజ సీసాలో పడుతుంది, అది తరగతి మొత్తానిది. ఏ పని చూసి వేస్తున్నానో ఒక్క వాక్యంలో చెప్పి వేస్తాను. 'గుడ్ బాయ్' అనను. 'నిన్న రాని అబ్బాయికి నువ్వు సమీకరణాల నోట్సు రాసిచ్చావు' అంటాను. పత్తి నుంచి తిరిగి వచ్చినవాళ్లు వదిలిపోయిన పాఠం అడిగి రాసుకుంటే ఒక గింజ, చెప్పినవాళ్ల వల్ల ఇంకో గింజ. తన చేతిలో ఉన్నదానికే మెప్పు అన్నది రెండో నియమం. సీసాలో గీసిన గీత దాకా గింజలు వస్తే ఏం కావాలో పిల్లలే ఓటు వేసి తేల్చారు: నెలలో చివరి శనివారం ఆఖరి పీరియడు ఖోఖో. చాక్లెట్లకు ఆరు ఓట్లే పడ్డాయి. రూపాయి ఖర్చు లేదు.

విడిగా ఇచ్చే గౌరవాలు వేరే ఉన్నాయి. మా బడి గంట ఒక రైలు పట్టా ముక్క. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టే అవకాశం కోసం పిల్లలు ఎంత ఆశపడతారో నాకు అప్పటిదాకా తెలియదు. ప్రార్థన సమావేశంలో వార్తలు చదవడం, గుడ్డు పెట్టే రోజున వడ్డనకు సాయంగా నిలబడటం, నా జామెట్రీ పరికరాల పెట్టె మోయడం కూడా అంతే. ఇవి వంతులవారీగా అందరికీ వస్తాయి. పొరపాటు చేశారని ఎవరి వంతునూ తీసేయను. పెన్నుల కంటే వీటి విలువ ఎక్కువని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

అందరి ముందూ మెచ్చుకోవడం అందరికీ నచ్చదన్నది ఇంకో పాఠం. వెనక బెంచీలో పొడుగ్గా ఉండే ఒక అబ్బాయిని, జగడం ఆపినందుకు నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. ఇంటర్వెల్‌లో తోటివాళ్లు వాణ్ని 'మేడం చెంచా' అని ఆట పట్టించారట. మూడు రోజులు నా వైపు చూడలేదు. ఆ వయసులో టీచరు మెప్పు కంటే జట్టులో పరువు పెద్దది. అప్పటి నుంచి అలాంటి పిల్లలకు నోటుబుక్కు దిద్దేటప్పుడు మూలన ఒక వాక్యం రాసేదాన్ని, లేదా బెంచీ పక్కన ఆగి మెల్లగా చెప్పేదాన్ని. ఇంటికి ఫోను చేయడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. బడి నుంచి ఫోను అంటే చాలు, అవతల నుంచి వచ్చే మొదటి మాట "ఏం జేసిండు మేడం మావోడు?" అనే. మంచి చెప్పడానికే చేశానంటే కాసేపు నమ్మరు. ఒక తాత అయితే నా మాట మొత్తం విని, "గంతేనా? ఇంకేం లేదా?" అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు. మరునాడు ఆ మనవడు తల దువ్వుకొని వచ్చాడు.

సీసా కూడా ఒకసారి దెబ్బతిన్నది. నేను సెలవులో ఉన్న రోజు, నా బదులు వెళ్లిన సహోద్యోగి ఒకరు గొడవ భరించలేక సీసాలోంచి రెండు గుప్పిళ్ల గింజలు తీసి కిటికీలోంచి పారేశారు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. కానీ మరునాడు పిల్లలు నాతో వాదించిన తీరు చూడవలసింది: "నోట్సు రాసిచ్చింది నిజమే కద మేడం? నిన్న లొల్లి జేస్తే మొన్న రాసిచ్చింది అబద్ధమైతదా?" దానికి తిరుగు లేదు. సంపాదించినది తీసుకోవడం ఉండదని చెప్పి, గింజలు లెక్కపెట్టి తిరిగి పోశాను. గొడవకు పర్యవసానం గొడవకే ఉండాలి. పోయిన సమయాన్ని ఆ రోజు ఆటల పీరియడులోంచి ఇవ్వాలని వాళ్లే ఒప్పుకున్నారు.

స్టాఫ్ రూములో దీన్ని లంచమన్నవాళ్లున్నారు. చేయవలసిన పని చేసినందుకు బహుమతేమిటని వాళ్ల ప్రశ్న. నాకు ఆ ప్రశ్న మీద గౌరవం ఉంది, చార్టు రోజుల్లో అది నిజం కూడా. అయితే లంచం సాధారణంగా పని జరగకముందు చేతులు మారుతుంది, దాని గురించి ఎవరూ బయటికి చెప్పరు. జరిగిన పనిని పేరు పెట్టి గుర్తించడం దానికి భిన్నమని నా అభిప్రాయం. ఇక నిరంతర సమగ్ర మూల్యాంకనంలో విలువలు, జీవన నైపుణ్యాలకు మేము గ్రేడు వేస్తూనే ఉన్నాం కదా. ఆ గడిని నేను ఏళ్ల తరబడి పిల్లవాడి ముఖం గుర్తు తెచ్చుకొని, తోచినట్టు నింపాను. ఈసారి నింపేటప్పుడు నా దగ్గర నోటుబుక్కుల మూలల్లో రాసిన వాక్యాలున్నాయి.

ఫిబ్రవరి నుంచి గింజలు వేయడం కావాలనే తగ్గించాను. ప్రతిసారీ కాక అప్పుడప్పుడు, ఎప్పుడో వాళ్లకు తెలియకుండా. మొదటి వారం అడిగారు, తర్వాత మానేశారు. మార్చిలో మళ్లీ ఒక రోజు చిట్టీ పెట్టుకొని గీతలు వేస్తే మందలింపులు ఆరు, మెప్పులు తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదీ ఎనిమిది మందికి. ఇది ఒక రోజు లెక్క మాత్రమే. ఇద్దరు అబ్బాయిల విషయంలో మాత్రం ఏమీ పని చేయలేదు. అందులో ఒకడి ఇంట్లో తాగుడు గొడవ ఉందని తర్వాత తెలిసింది. వాడికి కావలసింది గింజలు కాదు. మైదానంలో బూతులు కూడా తగ్గలేదు. అది తరగతి గోడల అవతలి రాజ్యం, పీఈటీ సారు కూడా చేతులెత్తేశారు.

ఈ జూన్‌లో తొమ్మిదో తరగతి క్లాస్ టీచరుగా వెళ్లిన సాంఘిక శాస్త్రం సారు సీసా అడిగారు. రెండు షరతులు చెప్పాను: పడిన గింజ తీయకూడదు, హాజరుకు గింజ వేయకూడదు. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదాని మీద అరగంట వాదించారు, పైనుంచి అడిగేది హాజరు శాతమే కదా అని. పత్తి పగిలేదాకా ఆగి చూడమన్నాను. చింతగింజలు మాత్రం ఆయన వాళ్లింటి నుంచే తెచ్చుకున్నారు.